వరుస ఐడీల లీకేజీ ఎలా ఆగిందంటే (నా అనుభవం)

రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మా డ్రైవర్‌లో (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్) ఒక్కో క్యూకు 8 వరుస ఐడీలు (పక్కపక్క సంఖ్యలు) కావాలి. ఉన్నవి మొత్తం 256. కొన్ని గంటలు నడిచాక, ఒక్క క్యూ కూడా తెరిచి లేకపోయినా కొత్త కేటాయింపు విఫలమయ్యేది. లాక్‌లు (ఒకేసారి ఇద్దరు ఒకే డేటాను మార్చకుండా ఆపేవి) మార్చాను, లాగ్‌లు పెంచాను, ఏ ఐడీ వాడుకలో ఉందో ఒక్కో బిట్‌తో గుర్తుపెట్టే బిట్‌మ్యాప్‌ను 512 బిట్లు చేశాను. వైఫల్యం కాస్త ఆలస్యమైందంతే.

లోపం ఇంటర్‌ఫేస్‌లోనే ఉంది. కేటాయించే ఫంక్షన్ మొదటి సంఖ్యను మాత్రమే ఇచ్చేది, పొడవును గుర్తుంచుకునే భారం పిలిచినవారిది. ఒక ఎర్రర్ దారిలో 8కి బదులు 4 విడుదలవుతున్నాయి (ఆ పంక్తి రాసింది నేనే).

ముందుగా మొదలునూ పొడవునూ ప్రైవేట్ ఫీల్డ్‌లుగా దాచుకునే టైప్ ఒకటి రాసి, దానికి నకలు తీసే కాపీ, క్లోన్ రెండూ లేకుండా చూశాను. తర్వాత ఖాళీని వెతకడం, ఆ బిట్లను ఆక్రమించడం ఒకే లాక్ కింద జరిగేలా మార్చి, పొడవు సున్నా అయ్యే వీలు లేకుండా నాన్‌జీరో టైప్ పెట్టాను. చివరగా విడుదల ఫంక్షన్‌ను బయటివారికి కనబడకుండా తీసేసి ఆ పనిని డ్రాప్‌కు (విలువ వాడకం ముగియగానే రస్ట్ తానే పిలిచే ఫంక్షన్) అప్పగించాను. దాంతో ఎర్రర్ వచ్చి మధ్యలోనే వెనుదిరిగిన దారుల్లోనూ ఎనిమిదికి ఎనిమిదీ తిరిగి వచ్చాయి.

ఇది అందరికీ సరిపోతుందని చెప్పలేను. ఆ లాక్ పట్టుకుని ఉండగానే డ్రాప్ జరిగితే డెడ్‌లాక్ (ఎప్పటికీ ఎదురుచూస్తూ నిలిచిపోవడం) తప్పదు, డ్రాప్‌ను పిలవకుండానే విలువను వదిలేసే మెమ్ ఫర్గెట్‌తో లీక్ ఇప్పటికీ సాధ్యమే. పొడవులు రకరకాలుగా ఉన్నచోట ఖాళీలు ముక్కలైపోయే సమస్యను ఇది అసలు తాకదు.