బుడమేరు గట్టు మీద ఇళ్లు: క్లాసులో చర్చ ఎలా పెట్టాలి

మా బడి విజయవాడ సింగ్ నగర్ దగ్గర. 2024 సెప్టెంబరులో ఇళ్లలోకి బుడమేరు వాగు వరద నీళ్లు వచ్చిన పిల్లలే నా క్లాసులో ఎక్కువ. పౌరశాస్త్రం నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందే అభిప్రాయం అడగకండి, చూసింది రాయమనండి. ఒకమ్మాయి గోడ మీద నీటి మరక ఎత్తు టేపుతో కొలిచి రాసుకొచ్చింది: స్విచ్ బోర్డు పైన జానెడు. క్లాసంతా ఆ కాగితం చుట్టూ మూగింది.

తర్వాత ‘గట్టు మీద ఇళ్లు తీసేయాలా?’ అని రెండు జట్లు చేయండి. పావుగంటకి జట్లు తారుమారు చేయండి, ఇది మాత్రం వదలొద్దు. తీసేయాలని గట్టిగా అరిచిన అబ్బాయి, అటు వైపుకి వెళ్లాక ‘మరి వాళ్లెక్కడికి పోతారు సార్?’ అని ఆగిపోయాడు. అప్పుడు మీరు జవాబు అందించకండి.

చివర్లో సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు రాయడం నేర్పండి. దానికి ప్రభుత్వ కార్యాలయం మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ గడువు తేదీ బోర్డు మూల రాసి ఉంచండి.