కొత్త హార్డ్‌డిస్క్ కనిపించట్లేదా? వాపసు ఇచ్చే ముందు ఇవి చూడండి

కొత్త డిస్క్ బిగించి, ఆన్ చేసి, ‘దిస్ పీసీ’ తెరిస్తే ఏమీ ఉండదు. ‘పాడైన సరుకు అంటగట్టారండీ’ అంటూ అట్టపెట్టెతో సహా విశాఖ డాబాగార్డెన్స్‌లో మా షాపుకి వచ్చేస్తారు. అలా వచ్చిన డిస్కుల్లో చాలావరకు నిక్షేపంలా ఉన్నవే.

బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు

బయోస్ అంటే విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెర. అందులో డిస్క్ పేరు కనిపిస్తోందంటే తీగలు సరిగానే ఉన్నట్టు. కొత్త డిస్కులో పార్టిషన్ (ఫైళ్ల కోసం విడదీసిన భాగం) ఉండదు, అందుకే డ్రైవ్ అక్షరం రాదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద నల్లపట్టీతో ‘అన్‌ఎలొకేటెడ్’ అని కనిపిస్తే డిస్క్ బాగున్నట్టే. ఇనిషియలైజ్ చేసి (డిస్కుని వాడకానికి సిద్ధం చేసి) జీపీటీ పద్ధతి ఎంచుకోండి, పాత పద్ధతి ఎంబీఆర్ పెడితే 2 టీబీ దాటిన చోటు అక్కరకు రాదు. తర్వాత న్యూ సింపుల్ వాల్యూమ్, క్విక్ ఫార్మాట్. ఈ కాస్త పనికి గాజువాక నుంచి రెండు బస్సులు మారి వస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి ముందు ఇది చూడండి. డేటా ఉన్న పాత డిస్కుని ఇనిషియలైజ్ చేయమంటారా అని విండోస్ అడిగితే మాత్రం ఓకే కొట్టకండి.

బయోస్‌లో కూడా లేదు

డేటా కేబుల్ మార్చండి, పోర్ట్ మార్చండి. బీచ్‌కి దగ్గరి ఇళ్లలో పాత కేబుల్ పిన్నులు ఉప్పుగాలికి మసకబారతాయి, వాటిని తుడుస్తూ కూర్చోకుండా కొత్తది వేయండి.

అప్పటికీ రాకపోతే కంప్యూటర్ ఆన్ చేసి డిస్క్ మీద వేళ్లు ఆనించండి. తిరిగే డిస్క్ సన్నగా వణుకుతుంది. చల్లగా, రాయిలా, కదలిక లేకుండా ఉంటే అసలు సంగతి ఇక్కడుంది.

పెళ్లి వీడియోలు తీసే మధురవాడ కుర్రాడొకడు 8 టీబీ సర్వర్ డిస్క్ తెచ్చాడు. ‘అన్నా, ఎల్లుండి సింహాచలంలో పెళ్లి. కెమెరా కార్డులు ఖాళీ చెయ్యాలి’ అన్నాడు. కేబుళ్లన్నీ మార్చాను, ఉలుకూ పలుకూ లేదు. పోయిందని చెప్పి మార్పించుకు రమ్మన్నాను. రెండోదీ అంతే. రాత్రి షాపు మూసేముందు ఎందుకో యూఎస్‌బీ డాకులో (డిస్కుని బయటే నిలబెట్టి వాడే స్టాండులో) పెట్టి చూస్తే గిర్రున తిరిగింది. మొదటిది కూడా బాగానే ఉండి ఉంటుంది. ఆ కుర్రాణ్ణి ఊరికే తిప్పానన్న బాధ ఇప్పటికీ ఉంది.

కారణం ఇదీ. డిస్కుని కంప్యూటర్‌కి కలిపే ప్రమాణం పేరు శాటా. దాని పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులు. మొదటి మూడూ ఒకప్పుడు 3.3 వోల్టులవి. 2016లో వచ్చిన శాటా 3.3 ప్రమాణంలో మూడో పిన్నుకి వేరే పని ఇచ్చారు: దానికి కరెంటు అందితే డిస్క్ ఆగిపోవాలి. సర్వర్లలో డిస్కుని దూరం నుంచి ఆపి మళ్లీ లేపడానికి పెట్టిన ఏర్పాటది. మన పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) నారింజ తీగలోంచి ఆ పిన్నుకి 3.3 వోల్టులు పంపుతూనే ఉంటుంది, డిస్క్ లేవదు. డాకు 12, 5 వోల్టులే ఇచ్చింది కాబట్టి అందులో లేచింది. సర్వర్ తరగతి డిస్కుల్లో, ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి తీసిన పెద్ద డిస్కుల్లో ఇది ఎక్కువ.

పరిష్కారం చిన్న టేపుముక్క. మొబైల్ రిపేరు షాపుల్లో బంగారు రంగు కాప్టాన్ టేపు దొరుకుతుంది. డేటా కనెక్టర్ వైపు నుంచి లెక్కపెట్టి, డిస్క్ మీది మూడో పవర్ పిన్నుని కప్పండి. మూడూ కప్పేసినా నష్టం లేదు, ఈ డిస్కులు 12, 5 వోల్టుల మీదే నడుస్తాయి. నాలుగోదాని మీదికి పోనివ్వకండి. మామూలు సెల్లోటేపు వద్దు, వేడికి జిగురు కారుతుంది.

మోలెక్స్ (ఎస్‌ఎంపీఎస్‌లోని పాత నాలుగు పిన్నుల ప్లగ్గు) నుంచి శాటాకి మార్చే కేబుల్‌తో కూడా పనవుతుంది, మోలెక్స్‌లో 3.3 వోల్టులే ఉండవు. కానీ తీగల చుట్టూ ప్లాస్టిక్ కరిగించి పోసిన రకం కొనకండి. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయినవి నేను చూశాను. తీగలు విడివిడిగా క్లిప్పుల్లో దిగి కనిపించే రకం తీసుకోండి.

మిగతావి

కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్ (సన్నటి ఎస్‌ఎస్‌డీ బిగించే చోటు) నిండితే ఒకటి రెండు శాటా పోర్టులు ఆగిపోతాయి, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. బయోస్‌లో పోర్ట్ డిసేబుల్ అయి ఉండటం అరుదు. డిస్క్ తిరుగుతూ టక్ టక్‌మని కొడుతుంటే అది చాలావరకు నిజంగానే పోయినట్టు, బిల్లు పట్టుకుని ఆరోజే మార్పించుకోండి.