అల్లం బీరు పొంగింది

నల్లగొండ ఎండల్లో ఏదైనా ఇట్టే పులుస్తుంది. అల్లం, చక్కెర పులియబెట్టి చేసే అల్లం బీరు కోసం నేను పెట్టిన తోడు మాత్రం ఉలకలేదు, ఒక్క బుడగ లేదు. నల్లా నీళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంటే క్లోరిన్ వాసన గుప్పుమంది. పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మజీవిని అది సరిగా పెరగనివ్వకపోవచ్చు. నీళ్లు మరగబెట్టి, బాగా చల్లార్చి, అల్లం పొట్టు తీయకుండానే తురిమి చక్కెరతో వేశాను. ఈస్ట్ ఉండేది పొట్టు మీదే. రోజూ చెంచాడు అల్లం, చెంచాడు చక్కెర. కొన్నాళ్లకు తురుము పైకి తేలింది, అంచుల వెంట సన్నటి నురగ, చెవి పెడితే చిటపట.

వడకట్టి, చక్కెర, నిమ్మరసం వేసిన అల్లం నీళ్లలో కలిపి ప్లాస్టిక్ బాటిళ్లలో పోశాను. గాజు సీసా గ్యాస్‌కు పేలొచ్చు, ఆ టెన్షన్ మనకెందుకు? బాటిల్ నొక్కితే గట్టిగా తగలగానే ఫ్రిజ్‌లోకి. కాస్త ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి పిల్లలకు పోయలేదు. అత్తమ్మ మాత్రం "గోలీసోడా లెక్కనే ఉన్నది" అంటూ ఇంకో గ్లాసు అడిగింది.