దోనాబెలో అన్నం వండటం: మూత జోలికి మాత్రం వెళ్ళకండి

దోనాబె అంటే జపాన్ వాళ్ళ మట్టికుండ. ఇందులో వండేది అచ్చంగా అత్తెసరే, గంజి వార్చే పనే లేదు, పోసిన నీళ్ళన్నీ బియ్యమే పీల్చుకోవాలి కాబట్టి కొలత తప్పితే మధ్యలో సర్దుకునే ఛాన్స్ ఉండదు.

కొత్త కుండలో తెచ్చిన రోజే అన్నం పెట్టేయకండి. మట్టికి సన్న సన్న రంధ్రాలుంటాయి, మియె ప్రిఫెక్చర్‌లో చేసే ఇగా కుండలకైతే మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ మట్టి ఒకప్పుడు బీవా సరస్సు అడుగున ఉన్నది, అందులో ఇరుక్కున్న మొక్కల అవశేషాలు బట్టీలో కాలిపోయి ఆ జాగా అంతా ఖాళీగా మిగిలిపోతుంది. కుండ నిదానంగా వేడెక్కి ఆ వేడిని చాలాసేపు పట్టుకునేది ఈ ఖాళీల వల్లే, కానీ నీళ్ళు చెమర్చేది కూడా వీటిలోంచే. అందుకని ముందు మెదోమె చేస్తారు. కుండలో ముప్పావు దాకా నీళ్ళు పోసి, రెండు గుప్పిళ్ళ అన్నం వేసి, సన్న సెగ మీద జావలా కాచి, పూర్తిగా చల్లారేదాకా అలాగే వదిలేయాలి. ఆ గంజి రంధ్రాల్లోకి దిగి వాటిని మూసేస్తుంది. తర్వాత కడిగి బాగా ఆరబెట్టండి.

బియ్యం కోషిహికారి లాంటి పొట్టి గింజ జపాన్ రకమే వాడండి, నేను చెప్పే కొలతలు దానికే. వాళ్ళ లెక్క గోలలో ఉంటుంది, 1 గో అంటే 180 మి.లీ., తూకంలో సుమారు 150 గ్రాములు. 2 గోలకి 400 మి.లీ. నీళ్ళు. బియ్యం కడిగేటప్పుడు మొదటిసారి పోసిన నీళ్ళు చకచకా తిప్పి పారబోసేయండి, పొడి బియ్యం ఆ మొదటి నీళ్ళనే గబుక్కున పీల్చేస్తుంది, ఆలస్యం చేస్తే తవుడు వాసన లోపలికి పోతుంది. ఇంకో మూడు నాలుగు నీళ్ళు మార్చి, వడగట్టి, కొలిచిన నీళ్ళలో అరగంట, చలికాలమైతే గంట నానబెట్టండి. గాజులా కనిపించే గింజ పాలలా తెల్లగా మారితే నానినట్టు. ఈ నానబెట్టడం స్కిప్ చేస్తే పైన మెత్తగా, లోపల పలుకుగా వస్తుంది.

ఇక మంట. మీడియం కంటే కాస్త ఎక్కువ పెట్టండి, మంట అడుగు దాటి పక్కలకి ఎగబాకకూడదు. ఇగా వాళ్ళ రెండు మూతల అన్నం కుండ అయితే 2 గోలకి పది పన్నెండు నిమిషాల్లో పై మూత కన్నంలోంచి ఆవిరి బుసబుసా తన్నుకొస్తుంది, అప్పట్నుంచి ఒకటి రెండు నిమిషాలు చూసి కట్టేసి, ఇరవై నిమిషాలు మగ్గనివ్వాలి. మామూలు ఒంటి మూత దోనాబె అయితే పొంగు వచ్చాక సిమ్‌లో పది నిమిషాలు, కట్టేసి ఇంకో పదిహేను. కట్టేశాక కూడా లోపల ఉడుకుతూనే ఉంటుంది, మూత తీశారో ఆ ఆవిరంతా పోయినట్టే. పసిపిల్ల ఏడ్చినా మూత తియ్యకు అని జపాన్‌లో పాత సామెతే ఉంది!

అడుగున మాడు కావాలంటే (వాళ్ళు ఒకొగె అంటారు, నాకైతే దాని కోసమే కుండ) కట్టేసే ముందు ఇంకో నిమిషం ఉంచి చెవి పెట్టి వినండి, బుడబుడ ఆగి పిటపిట మొదలై కమ్మటి వేపుడు వాసన వస్తుంది, అంతే, ఇక ఆపేయాలి. మగ్గాక తడిపిన షామొజితో (అన్నం తీసే చదును గరిటె) అడుగు నుంచి కోస్తున్నట్టు తిరగేయండి, మెదపొద్దు.

నా మొదటి కుండ సంగతి చెప్తా. కడిగి, అడుగు తడి తుడవకుండా స్టవ్ మీద పెట్టేశా, టక్‌మని ఒక్క సౌండ్, అడుగున ఇంత పొడుగు బీట. బయట అడుగుకి గ్లేజ్ (గాజులాంటి పూత) ఉండదు, తడి పీల్చేస్తుంది, అది వేడెక్కితే పగులుతుంది. ఖాళీ కుండ వేడి చేయడం, వేడి కుండలో చన్నీళ్ళు పోయడం కూడా అంతే డేంజర్. మామూలు దోనాబె ఇండక్షన్ మీద పనిచేయదు. లోపల గ్లేజ్‌లో వెంట్రుకల్లాంటి గీతలు వస్తే మాత్రం కంగారు పడొద్దు, అవి మామూలే, నీళ్ళు కారితే మళ్ళీ ఓసారి జావ కాస్తే చాలు. సబ్బునీళ్ళలో నానేయకండి, వాసన పట్టేస్తుంది. అంటుకున్న మాడు మీద గోరువెచ్చని నీళ్ళు పోసి పది నిమిషాలాగితే చెక్క గరిటెకే ఊడొస్తుంది, కడిగి రాత్రంతా బోర్లించి ఉంచండి.