డాఫ్నియా పిండాలు చూడడం నేర్చుకుందాం: 4వ పాఠం – మగదా, ఆడదా?

పోయిన పాఠంలో డాఫ్నియా (చెరువు నీళ్ళలో ఈదే చిన్న జీవి) తల్లి వీపు మీది సంచిలోంచి గుడ్లు బయటికి తీశాం. అవన్నీ ఒకేలా ఉన్నాయి కదా! ఆ దశలో మగవేవో ఆడవేవో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. ఈసారి తేడా కనబడే దాకా కాచుకుందాం.

ముందు టైము లెక్క. తల్లి కుబుసం విడిచిన కాసేపటికే కొత్త గుడ్లు సంచిలోకి దిగుతాయి. కాబట్టి గిన్నె అడుగున పల్చటి పొట్టు కనబడగానే టైము రాసిపెట్టుకోండి. డాఫ్నియా మాగ్నా అనే జాతి అయితే 20 డిగ్రీల దగ్గర సుమారు 3 రోజులకు పిల్లలు ఈదుతూ బయటికొస్తాయి. నీళ్ళు వెచ్చగా ఉంటే ఇంకా ముందే.

మొదటి రోజు చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. తర్వాత తల తేలుతుంది, ఈత మీసాలు విడివడతాయి, కంటి చోట రెండు చుక్కలు కనబడతాయి. ఆ చుక్కలు జరిగి జరిగి ఒకే నల్ల కన్నుగా కలిసిపోతాయి. కలవడం మొదలైందంటే మీ చూపు కంటి నుంచి కాస్త కిందికి, ముక్కు దగ్గరికి దిగాలి.

ముక్కు కింద ఒక జత చిన్న మీసాలుంటాయి. ఆడపిల్లకు అవి మొటిమంత, ముక్కు చాటున దాదాపు కనబడవు. మగపిల్లకు పొడుగ్గా, పుల్లల్లా బయటికి పొడుచుకొస్తాయి. పిండం పక్కకు తిరిగి ఉంటేనే ఇది తెలుస్తుంది. వెల్లకిలా పడితే సన్నటి బ్రష్ వెంట్రుకతో మెల్లగా దొర్లించండి, నీటి చుక్క మాత్రం ఆరనివ్వకండి. పక్కలకు చాచుకుని ఉండే పెద్ద మీసాలు వేరు, అవి ఈతకు. నేను మొదట్లో వాటినే చూసి, అబ్బో అన్నీ మగవే అని నోట్‌బుక్ నిండా రాసుకున్నాను!

ఇంతకీ మగ, ఆడ అనేది పిండంలో తేలే విషయం కాదు. మగపిల్లకూ ఆడపిల్లకూ జన్యువులు ఒకటే, తండ్రి లేకుండానే రెండూ పుడతాయి. జనం కిక్కిరిసినా, తిండి తగ్గినా, పగటి పొద్దు కురచైనా తల్లి ఒంట్లో ఒక హార్మోన్ పెరుగుతుంది. అండాశయంలో పక్వానికొస్తున్న గుడ్డుకు అదే కబురు. ఆ కబురు అందుకున్న పిండంలో డబుల్‌సెక్స్ అనే జన్యువు గట్టిగా పనిచేస్తుంది. 2011లో జపాన్ పరిశోధకులు మగ పిండాల్లో దీన్ని అణిచేస్తే ఆడ లక్షణాలు వచ్చాయి, ఆడ పిండాల్లో పనిచేయిస్తే మగ పోలికలు వచ్చాయి. నాకు ఈ పాఠంలో ఎక్కువ నచ్చే ముక్క ఇదే.

అభ్యాసం: ఒక తల్లిని విడిగా, బాగా మేపుతూ పెంచండి. ఇంకో సీసాలో గుంపుగా వదలండి. మూడు కాన్పుల పిల్లల ముక్కులు చూసి లెక్క రాయండి. గుంపులోనూ మగవి రాకపోతే కంగారు పడకండి, కొన్ని వంశాలు మగపిల్లల్ని అంత తేలిగ్గా కనవు.