పాత కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపం పట్టడం, 3వ పాఠం: కరెంటు లోపమా, లోపలి లోపమా?

మన పాఠాల బండి 1992–96 మధ్య అమెరికాలో అమ్మిన నాలుగు సిలిండర్ల టొయోటా క్యామ్రీ. అందులో ఉన్నది ఏ140ఈ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్. కిందటి పాఠాల్లో చూసిన ఆయిల్ మట్టం, థ్రాటిల్ కేబుల్ సరిగ్గా ఉంటేనే ఇది మొదలుపెట్టండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ తొడుగు చివరకీ, కేబుల్ మీది స్టాపర్‌కీ మధ్య ఖాళీ 0–1 మి.మీ. ఉండాలి. ఆ కొలత తప్పితే ఆయిల్ ప్రెషరే తప్పుతుంది, ఇక ఏ పరీక్షా నిజం చెప్పదు. డిఫరెన్షియల్ (బలాన్ని రెండు చక్రాలకు పంచే భాగం) ఆయిల్ ఈ బండిలో వేరుగా ఉంటుందనీ, డిప్‌స్టిక్ దాన్ని చూపించదనీ మరోసారి గుర్తుచేస్తున్నాం. దాదాపు 1.6 లీటర్లు పట్టే ఆ అరను మరిచిపోయి పాడుచేసుకున్న బండ్లు చాలా ఉన్నాయి.

ముందు డ్రైవర్ చెప్పే ఫిర్యాదును విడదీయాలి. ‘బండి లాగట్లేదు’ అనే మాటలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఇంజన్ గోల పెరుగుతున్నా బండి వేగం పెరగకపోతే లోపల క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. ఇంజన్ కూడా బరువుగా, మూలుగుతూ కదిలితే అది జారడం కాదు, బండి పెద్ద గేర్లో బయలుదేరుతోంది. ఈ రెండో దాన్ని మొదటిదనుకుని గేర్‌బాక్స్ దింపేస్తే ఖర్చంతా వృథా.

పెద్ద గేర్లో ఎందుకు బయలుదేరుతుంది? గేర్లు మార్చేవి రెండు సోలనాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసి ఆయిల్ దారి మార్చే చిన్న వాల్వులు. 1వ గేర్‌లో మొదటి దానికే కరెంటు, 2వ గేర్‌లో రెంటికీ, 3వ గేర్‌లో రెండో దానికే, ఓవర్‌డ్రైవ్‌లో (అంటే 4వ గేర్‌లో) దేనికీ ఉండదు. కాబట్టి మొదటిది పోతే, లివర్ డ్రైవ్ స్థానమైన డి‌లో బండి 3వ గేర్‌తో బయలుదేరుతుంది. రెండోది పోతే 1 నుంచి నేరుగా ఓవర్‌డ్రైవ్‌కి దూకుతుంది. రెండూ పోతే డి‌లో ఎప్పుడూ ఓవర్‌డ్రైవే.

నడుస్తుండగా డ్యాష్‌బోర్డు మీద ‘ఓ/డి ఆఫ్’ (ఓవర్‌డ్రైవ్ ఆఫ్) దీపం మినుకుమంటే కంప్యూటర్ ఏదో లోపాన్ని కోడ్‌గా రాసిపెట్టుకుందని అర్థం. 1995 వరకు వచ్చిన బండ్లలో చదవడానికి స్కానర్ అక్కర్లేదు. ఓ/డి బటన్ ఆన్‌లో పెట్టండి, అంటే ఆ దీపం ఆరి ఉండాలి. బానెట్ కింది డయాగ్నస్టిక్ డబ్బాలో టీఈ1, ఈ1 గుంటలను చిన్న వైరుతో కలిపి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి. దీపం ఆగకుండా ఒకే లయలో మినుకుతుంటే కోడ్ ఏమీ లేదు. నాలుగు మినుకులు, కాస్త ఆగి రెండు మినుకులు వస్తే అది 42. 42, 61 స్పీడ్ సెన్సర్లవి, 62 మొదటి సోలనాయిడ్‌ది, 63 రెండోదానిది, 64 లాకప్ (ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ జారకుండా నేరుగా కలిపే) సోలనాయిడ్‌ది. 1996 బండికి మాత్రం ఓబీడీ2 స్కానర్ కావాలి.

కోడ్ రాలేదు కాబట్టి గేర్‌బాక్స్ బాగుందని అనుకోవద్దు. కంప్యూటర్ చూసేది వైరునే, జారే ప్లేటును కాదు.

ఇక అసలు పరీక్ష. ఇంజన్ ఆపి, గేర్‌బాక్స్ మీద సోలనాయిడ్ల కనెక్టర్ ఊడదీయండి. మల్టీమీటర్‌తో ఒక్కో సోలనాయిడ్ పిన్నుకీ బాడీకీ మధ్య కొలవండి: 11–15 ఓమ్‌లు రావాలి. కొలత సరిగ్గా ఉన్నా మడ్డికి సోలనాయిడ్ ఇరుక్కుని ఉండొచ్చు. అందుకే బ్యాటరీ ప్లస్ నుంచి ఒక్క క్షణం కరెంటిచ్చి ‘టిక్’ అనే చప్పుడు వినండి.

కనెక్టర్ అలాగే వదిలేసి ఖాళీ రోడ్డు మీద నడపండి. ఇప్పుడు కంప్యూటర్ లేదు, లివరూ ఆయిలూ మాత్రమే పనిచేస్తున్నాయి. ఎల్‌లో 1వ గేర్, 2‌లో 3వ గేర్, డి‌లో ఓవర్‌డ్రైవ్ పడాలి. ఎల్‌తో మొదలుపెట్టి పైకి వెళ్లండి. వేగంలో ఉండగా కిందికి లాగొద్దు, ఇంజన్ విపరీతంగా తిరుగుతుంది. మూడు స్థానాల్లో తేడా స్పష్టంగా తెలిసి, ఎక్కడా జారకపోతే లోపం కరెంటు వైపే: వైరింగ్, సెన్సర్, కంప్యూటర్, లేదా ఇప్పుడే కొలిచిన సోలనాయిడ్. తేడా తెలియకపోయినా, జారినా లోపలే. కనెక్టర్ తీసి నడిపినందుకు కొత్త కోడ్‌లు పడతాయి. కనెక్టర్ బిగించి, ఫ్యూజుల డబ్బాలో ‘ఈఎఫ్ఐ’ అని రాసి ఉన్న ఫ్యూజును పది సెకన్లకు పైగా తీసి పెడితే అవి చెరిగిపోతాయి.

లోపలే అని తేలితే ఇంకో అడుగు వేయొచ్చు. రివర్స్ పడట్లేదనుకోండి. రివర్స్‌కి గేర్‌బాక్స్ లోపలి డైరెక్ట్ క్లచ్, ఫస్ట్-రివర్స్ బ్రేక్ (కాలితో తొక్కే బ్రేకు కాదు) రెండూ కావాలి. ఎల్‌లో వాలు దిగుతూ యాక్సిలరేటర్ వదలండి. ఇంజన్ బండిని పట్టి ఆపుతుంటే ఆ బ్రేక్ బాగుంది, అనుమానం డైరెక్ట్ క్లచ్ మీదికి వెళ్లాలి. డైరెక్ట్ క్లచ్ పోతే 3వ గేర్, ఓవర్‌డ్రైవ్ కూడా జారతాయి కాబట్టి అక్కడ రుజువు దొరుకుతుంది.

4వ పాఠానికి ముందు ఒక కొలత రాసి పెట్టుకోండి. ఇంజన్ వేడెక్కాక, బ్రేకులు బిగించి, న్యూట్రల్ నుంచి డి‌కి వేసి, ఆ చిన్న కుదుపు వచ్చేదాకా స్టాప్‌వాచ్‌తో చూడండి. 1.2 సెకన్లలోపు రావాలి, రివర్స్‌కైతే 1.5 లోపు. మూడేసి సార్లు కొలిచి సగటు తీయండి. మధ్యలో నిమిషం ఆగండి. రెండు వైపులా ఆలస్యమైతే ప్రెషర్ తక్కువని అనుమానించాలి. వచ్చే పాఠంలో గేజ్ పెట్టి దాన్నే చూద్దాం.