ఉమ్మడి స్థలం పాడైందా? ముందు అది ఎవరి బాధ్యతో తేల్చండి

వీధి దీపం వెలగదు, మురుగు రోడ్డెక్కుతుంది, పార్కులో నడుం ఎత్తు గడ్డి. అందరూ చూస్తారు, అందరూ తిట్టుకుంటారు, పని మాత్రం జరగదు. ఇలాంటప్పుడు కొందరు చీపురు పట్టుకుంటారు, కొందరు గొడవకు దిగుతారు. ఆ రెండూ తర్వాత. ముందు మూడు ప్రశ్నలకు జవాబు కావాలి: స్థలం ఎవరి పేరున ఉంది? దాన్ని చూసుకోవాల్సింది ఎవరు? ఖర్చు ఎవరు పెట్టాలి?

మూడింటికీ జవాబు ఒక్కరే కానక్కర్లేదు. న్యూయార్క్ నగరంలో కాలిబాట మీద అందరూ నడుస్తారు, కానీ దాన్ని బాగుచేయించాల్సింది పక్కనున్న ఆస్తి యజమాని. అక్కడ ఎవరైనా తట్టుకుని పడితే, 2003 నుంచి నష్టపరిహారం భారం కూడా చాలా సందర్భాల్లో ఆ యజమానిదే. సొంతదారులే ఉంటున్న చిన్న ఇళ్లకు మినహాయింపు ఉంది. ఇంకో ఊళ్లో ఇదే పనిని మున్సిపాలిటీ చేయవచ్చు. అందుకే "అది గవర్నమెంటుదే కదా" అనుకుని కూర్చోవద్దు, "మనదే కదా" అని జేబులోంచి డబ్బు తీయనూ వద్దు.

సమస్య: వీధి దీపం ఎన్నాళ్లుగానో వెలగట్లేదు, ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదు

కారణం: పదిమందిలో పాము చావదు. ఇది ఉత్త సామెత కాదు. జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వేర్వేరు గదుల్లో కూర్చుని మైకులో మాట్లాడుకుంటుంటే, అవతల ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోపే లేచి వెళ్లి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారు అనుకున్నవాళ్లలో చెప్పింది 31 శాతమే. ప్రాణం మీదికొచ్చిన చోటే అలా ఉంటే, ఇక బల్బు సంగతి చెప్పాలా?

పరిష్కారం: వీధికి ఒకరి పేరు రాసుకోండి. కావాలంటే నెలనెలా మార్చుకోండి. స్తంభం నంబరు, ఎప్పటినుంచి ఆరిపోయింది, ఎలా ఆరింది అన్నవి కంప్లయింట్‌లో ఉండాలి. ఒక్క దీపమే పోతే బల్బో, ఆ స్తంభంలో ఫ్యూజో అనుమానించాలి. వరసగా అన్నీ పోతే కేబులో, స్విచ్ బోర్డో. పట్టపగలు కూడా వెలుగుతుంటే టైమరు గానీ వెలుతురు పసిగట్టే సెన్సర్ గానీ పాడైనట్టు. పాత పసుపు సోడియం దీపం వెలిగి, ఆరి, కాసేపటికి మళ్లీ వెలుగుతుంటే దాని ఆయుష్షు తీరింది. ఇంత రాసిస్తే వచ్చే మనిషి సరైన సామాను పట్టుకుని వస్తాడు, "చూసి వెళ్లాను" అని తప్పుకోవడానికి వీలుండదు. కంప్లయింట్ నంబరు గ్రూపులో పెట్టండి. మిగతావాళ్లు కొత్తవి పెట్టకుండా ఆ నంబరు మీదే గట్టిగా అడగాలి.

సమస్య: మురుగు పొంగుతోంది, "మాది కాదు" అని అందరూ చేతులెత్తేస్తున్నారు

ఎక్కువ తగవులు వచ్చేది ఇక్కడే. ఎందుకంటే మురుగు అడ్డం పడిన చోట బయటికి రాదు. దానికి ఎగువన, అన్నిటికన్నా పల్లంలో ఉన్న మూత దగ్గర పొంగుతుంది. కష్టం ఆ ఇంటిది, తప్పు ఇంకెక్కడో.

ముందు మూతలు తెరిచి చూడండి. మీ ఛాంబరు నిండి, దాని దిగువ ఛాంబరు ఖాళీగా ఉంటే అడ్డం ఆ రెంటి మధ్యే. దిగువది కూడా నిండి ఉంటే ఇంకా కిందికి వెళ్లండి, ఖాళీ ఛాంబరు దొరికేదాకా. అడ్డం ఏ ముక్కలో ఉందో తేలాక బాధ్యత ఎవరిదన్నది సగం తేలినట్టే. సాధారణంగా ఇంటి నుంచి వీధి లైనులో కలిసే చోటు దాకా ఇంటివాళ్లది, వీధి లైను పురపాలక సంస్థది. ఆ కలిసే చోటు గేటు దగ్గరా, రోడ్డు మధ్యనా అన్నది ఊరిని బట్టి మారుతుంది కాబట్టి ఆ ఒక్క ముక్క మాత్రం ఆఫీసులో అడిగి రాయించుకోండి.

చిక్కల్లా మూడు నాలుగు ఇళ్లు కలిపి వాడే లైనుతో. పైనున్న ఇంటికి ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి "మా ఇంట్లో బాగానే పోతోంది" అంటారు. బాగానే పోతోంది నిజమే, కింది ఇంటి వాకిట్లోకి! అడ్డం పడిన ముక్కలోంచి ఎన్ని ఇళ్ల మురుగు వెళ్తుందో లెక్కేసి అన్నిళ్లూ సమానంగా పంచుకోవడం న్యాయం. మూతల ఫొటోలు వరసగా చూపిస్తే వాదన త్వరగా తెగుతుంది.

ఒక్క హెచ్చరిక. మూత తీసి చూడటం వరకే, అదీ కాస్త దూరం నుంచి. మ్యాన్‌హోల్‌లోకి ఎవరినీ దింపవద్దు, డబ్బిస్తామన్నా సరే. లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మోతాదు పెరిగితే వాసన కూడా తెలియకుండా చేసి మనిషిని పడగొడుతుంది. రక్షించడానికి దిగినవాళ్లు కూడా పోతారు. యంత్రంతోనే తీయించాలి.

సమస్య: పై అంతస్తు సీలింగ్‌లో చెమ్మ, ఖర్చు ఎవరిదో తేలట్లేదు

వాన పడినప్పుడే చెమ్మ వస్తే డాబాదో, వాన నీటి గొట్టం మూసుకుపోయిందో. ఎండల్లో కూడా ఆరకపోతే ట్యాంకు లేదా పైపు. అనుమానం తీరకపోతే పొడి రోజుల్లో డాబా మీద ఒక్కో భాగానికి గట్టు కట్టి, ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి. డాబా స్లాబు, ట్యాంకు ఎక్కువచోట్ల అందరి ఉమ్మడి ఆస్తే. కాబట్టి ఖర్చు కూడా ఉమ్మడిదే, కింది అంతస్తువాళ్లకు చుక్క పడకపోయినా. దస్తావేజులో వేరే మాట ఉంటే ఆ మాటే చెల్లుతుంది.

సమస్య: పార్కు ఉంది, తాళం ఉంది, చూసుకునేవాళ్లు లేరు

కారణం చాలావరకు కాగితాల్లో ఉంటుంది. లేఅవుట్ వేసినవాళ్లు ప్లాట్లు అమ్ముకుని వెళ్లిపోయారు. ఖాళీ స్థలాన్ని పురపాలక సంస్థకు గానీ నివాసుల సంఘానికి గానీ రాతపూర్వకంగా అప్పగించలేదు. అప్పగించకపోతే ఆఫీసువాళ్లు "మా లిస్టులో లేదు" అంటారు, అదీ నిజమే. ఇలాంటి చోట గడ్డి కోయడానికి చందాలు వసూలు చేయడం శుద్ధ దండగ. కోసిన గడ్డి మళ్లీ మొలుస్తుంది, అప్పగింత మాత్రం దానంతటది జరగదు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ చోటు మీద ఎవరో ఒకరి కన్ను పడుతుంది.

ఆమోదించిన ప్లాను నకలు తీసుకోండి. అందులో పార్కుగా చూపించిన హద్దులు నేల మీద ఉన్నాయో లేదో కొలిపించండి. తర్వాత అప్పగింత పత్రం అడగండి. అది లేకపోతే చేయించమని లేఅవుట్ వేసినవాళ్లకూ, ఆఫీసుకూ ఒకేసారి ఉత్తరం రాసి, రసీదు దాచుకోండి.

సమస్య: ఊడ్చిన మర్నాడే అదే మూల చెత్త

చెత్త చెత్తను పిలుస్తుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఒక గోడ పక్కన నిలిపిన సైకిళ్లకు కాగితాలు తగిలించి చూసిన ప్రయోగాన్ని 2008లో ప్రచురించారు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది ఆ కాగితాన్ని అక్కడే పారేశారు. గోడ మీద పిచ్చిరాతలు ఉన్నప్పుడు 69 శాతం. ఇక్కడ బోర్డు పెట్టి తిట్లు రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. చెత్త ఏ వేళకు పడుతోందో కనిపెట్టండి. బండి వచ్చే టైముకు ఇంట్లో ఎవరూ ఉండనివాళ్లే ఎక్కువగా అక్కడ వేస్తుంటే, మార్చాల్సింది బండి టైము.

సమస్య: కొందరు డబ్బు కట్టరు, పనికీ రారు

ఉమ్మడి వనరు పాడవక తప్పదని గారెట్ హార్డిన్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1968లో వాదించాడు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఊళ్లకు ఊళ్లే పరిశీలించి, అలా కానక్కర్లేదని చూపించింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆమె చెప్పిన స్విట్జర్లాండ్ గ్రామం టోర్బెల్‌లో 1517 నాటి కట్టుబాటు ఒకటి ఉంది: చలికాలంలో ఎన్ని ఆవులను మేపగలవో, అన్ని ఆవులనే ఉమ్మడి కొండ పచ్చికకు తోలాలి. మించితే జరిమానా, అందులో సగం జరిమానా వేసిన అధికారికే. గట్టివాళ్లే!

మనకు పనికొచ్చే పద్ధతి ఇది: నియమాలు తక్కువగా ఉండాలి, వాటిని అక్కడ ఉంటున్నవాళ్లే పెట్టుకోవాలి, లెక్కలు అందరికీ కనపడాలి. ఎగ్గొట్టినవాళ్లకు మొదటిసారి మాట, రెండోసారి నోటీసు, ఆ తర్వాతే జరిమానా. మొదటి నెలే నీళ్లు ఆపేస్తామంటే వచ్చేది డబ్బు కాదు, పంతం.

సమస్య: అన్నీ ఒక్కరే చేస్తున్నారు

బయటికి ఇది సమస్యలా కనపడదు, ఆయన ఊరెళ్లేదాకా. ఏ వాల్వు ఎక్కడుంది, మోటారు మెకానిక్ ఎవరు, తాళాలు ఎవరి దగ్గర, ఏ కంప్లయింట్ ఎక్కడ ఆగింది అన్నవి ఆయన చేతే కాగితం మీద రాయించండి. తర్వాత ఆ కాగితం పట్టుకుని ఇంకొకరు వెళ్లి, ఆయన్ని అడగకుండా వాల్వు కట్టి, మోటారు ఆపి చూడాలి. రాయడం మర్చిపోయినవేమిటో అప్పుడు బయటపడతాయి.